చైనాతో అమెరికా: చేయి కలపడం ఎంత, కాచుకోవడం ఎంత?

2025 అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్ నగరంలో డొనాల్డ్ ట్రంప్, షీ జిన్‌పింగ్ ఆరేళ్ల తర్వాత ముఖాముఖి కలిశారు. సమావేశం ముగిసేసరికి చైనా సరుకులపై అమెరికా సుంకం కొంత తగ్గింది. అరుదైన ఖనిజాల ఎగుమతులపై ఆ నెలలోనే ప్రకటించిన కొత్త ఆంక్షలను చైనా ఏడాదిపాటు పక్కన పెట్టింది. అమెరికా రైతుల సోయాబీన్‌ను మళ్లీ కొంటానంది. అయితే సమావేశం మొదలవడానికి కొద్దిసేపటి ముందే ట్రంప్ ఇంకో ప్రకటన చేశారు. ఇతర దేశాలతో సమానంగా తమ అణ్వాయుధాలనూ పరీక్షించమని తమ రక్షణ యంత్రాంగాన్ని ఆదేశించానన్నారు.

ఈ వార్తలు పక్కపక్కనే చదివినవారికి సందేహం రావడం సహజం. ఈ రెండు దేశాలు రాజీ పడుతున్నాయా, కయ్యానికి దిగుతున్నాయా? నిజానికి 1972 నుంచి అమెరికా ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తూనే ఉంది. పాళ్లు మాత్రం మారుతూ వచ్చాయి. ఆ పాళ్లను ఎవరు, ఏ లెక్కతో మారుస్తారో తెలిస్తే రోజువారీ వార్తల్లోని చిక్కుముడి చాలావరకు వీడిపోతుంది.

మూడు మాటలు, ఒక పాత కథ

ఈ చర్చలో తరచుగా వినిపించే మాటలు మూడు. మొదటిది ఎంగేజ్‌మెంట్. వ్యాపారం, చదువులు, దౌత్యం, ఒప్పందాల ద్వారా ఎదుటి దేశంతో పని పెట్టుకోవడం. దీన్ని ‘చేరువ’ అనుకుందాం. రెండోది కంటెయిన్‌మెంట్, అంటే కట్టడి. ఎదుటి దేశం తన హద్దు దాటి విస్తరించకుండా చుట్టూ అడ్డుకట్టలు కట్టడం. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ యూనియన్ విషయంలో అమెరికా చేసింది ఇదే. ఈ రెండింటికీ నడుమ ఉండేది మూడోది, హెడ్జింగ్. తెలుగులో ముందుజాగ్రత్త అంటే సరిపోతుంది. వ్యవహారం సాఫీగా సాగుతుందన్న ఆశతో పనిచేస్తూనే, సాగకపోతే ఎలాగన్న దానికీ సిద్ధపడి ఉండటం.

మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు రాయబారానికి బయలుదేరే నాటికే పాండవుల పక్షాన ఏడు అక్షౌహిణుల సైన్యం చేరింది. సంధి ప్రయత్నం నిజమైనదే, సైన్యమూ నిజమైనదే. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది నటన అయిపోలేదు.

ముందుజాగ్రత్తను పంటల బీమాతో పోల్చడం మామూలే. పంట బాగా వస్తుందనే రైతు విత్తుతాడు, అయినా బీమా కడతాడు. కానీ ఈ పోలిక ఒక ముఖ్యమైన చోట నిలవదు. బీమా కట్టినంత మాత్రాన పంట అలగదు. దేశం అలుగుతుంది. “మా మీద అనుమానంతోనే పొరుగున స్థావరాలు పెట్టారు” అనుకుని తానూ ఆయుధాలు పెంచుతుంది. ఆ పెంపును చూసి ఇవతలివాళ్లు “మన అనుమానం నిజమే” అనుకుంటారు. అంతర్జాతీయ సంబంధాల పండితులు దీన్ని భద్రతా సందిగ్ధం అంటారు. దేశాల మధ్య బీమా ప్రీమియం డబ్బు రూపంలో ఉండదు, అపనమ్మకం రూపంలో ఉంటుంది.

కనిపించేది బలం, కనిపించనిది ఉద్దేశం

ఎదుగుతున్న దేశం ఎన్ని ఓడలు కట్టిందో లెక్కపెట్టవచ్చు. ఎంత ఉక్కు తయారు చేసిందో చూడవచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బలంతో ఏం చేయదలచుకుందో మాత్రం ఎవరికీ తెలియదు. చాలాసార్లు ఆ దేశ నాయకులకే తెలియదు, ఎందుకంటే అప్పటికి అధికారంలో ఎవరుంటారో వాళ్లూ చెప్పలేరు.

అందువల్ల స్థిరపడిన శక్తి ముందు రెండు రకాల పొరపాట్లు కాచుకుని ఉంటాయి. అతిగా నమ్మితే, ఎదుటివాడి ఉద్దేశం చెడ్డదని తేలేనాటికి అతను అందనంత ఎదిగిపోయి ఉంటాడు. అతిగా అనుమానిస్తే, శత్రువు కానివాణ్ణి చేజేతులా శత్రువుగా మార్చుకోవడం అవుతుంది. రెండూ చేసిన రోజున బయటపడవు. దశాబ్దాల తర్వాత బయటపడతాయి. రంగం రంగానికీ ఏ పొరపాటును దిద్దుకోగలం, దేన్ని దిద్దుకోలేం అన్న అంచనాయే ఈ విధానానికి అసలు సారం అని నా అభిప్రాయం. వ్యాపారంలో నష్టపోతే సుంకం పెంచి కొంతైనా సర్దుకోవచ్చు. ఒక ద్వీపం చేజారిపోతే, లేదా ఒక యుద్ధం మొదలైపోతే సర్దుకోవడానికి ఏమీ ఉండదు.

1907 నాటి రెండు పత్రాలు

ఈ చిక్కును అందరికంటే స్పష్టంగా కాగితంమీద పెట్టినవారు ఇద్దరు బ్రిటిష్ అధికారులు. అప్పటి స్థిరపడిన శక్తి బ్రిటన్, ఎదుగుతున్న శక్తి జర్మనీ. 1898, 1900 సంవత్సరాల్లో జర్మనీ నౌకాదళ చట్టాలు చేసి పెద్ద యుద్ధనౌకల నిర్మాణానికి పూనుకుంది. అదే సమయంలో ఆ రెండు దేశాల నడుమ వ్యాపారం దండిగా సాగుతోంది.

1907 జనవరి 1న బ్రిటిష్ విదేశాంగ కార్యాలయంలో పనిచేసే ఐర్ క్రో ఒక సుదీర్ఘ పత్రం సమర్పించాడు. ఆయన పుట్టింది జర్మనీలోని లైప్జిగ్‌లో. తల్లి జర్మన్, భార్య కూడా జర్మనే. ఆ దేశంమీద తెలియని ద్వేషంతో రాసిన మనిషి కాదు. ఆయన వాదన ఇలా సాగింది. జర్మనీ కావాలనే ఆధిపత్యానికి ప్రయత్నిస్తూ ఉండవచ్చు. లేదా అలాంటి పథకమేదీ లేకుండా, తన వ్యాపారాన్నీ పలుకుబడినీ పెంచుకుంటూ పోతూ ఉండవచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో బ్రిటన్ తేల్చుకోనవసరం లేదు. రెండోది ఏ దశలోనైనా మొదటిదానిగా మారిపోగలదు. కాబట్టి బ్రిటన్ మర్యాదగా ఉండాలి, న్యాయమైన కోరికలకు అడ్డుపడకూడదు, ఒత్తిడికి తలొగ్గి రాయితీలు మాత్రం ఇవ్వకూడదు.

ఆ మరుసటి నెలలో థామస్ శాండర్సన్ దీనికి జవాబు రాశాడు. అదే కార్యాలయానికి చాలాకాలం అధిపతిగా ఉండి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి ఆయన. క్రో ఏకరువు పెట్టిన జర్మనీ తప్పుల జాబితాను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో చాలావాటికి మామూలు కారణాలే ఉన్నాయని చూపించాడు. ఆపైన అద్దం తమవైపు తిప్పాడు. మన పత్రికలు చదివే విదేశీయుడికి బ్రిటిష్ సామ్రాజ్యం ఎలా కనిపిస్తుందో ఆలోచించమన్నాడు: భూగోళమంతా పరుచుకుని పడుకున్న ఒక మహాకాయుడు, వాతంతో వాచిన వేళ్లను నలుదిక్కులా చాపి ఉన్నాడు, ఎవరైనా దగ్గరికి వస్తే చాలు కేక పెడతాడు.

నూట పదేళ్లు దాటినా ఈ చర్చ ఈ ఇద్దరి వాదనల మధ్యనే తిరుగుతోంది. క్రో వైపు నిలబడితే ఎదుటివాడి బలమే సాక్ష్యం. శాండర్సన్ వైపు నిలబడితే మన భయం కూడా సాక్ష్యంలో భాగమే. 1914లో యుద్ధం వచ్చింది కాబట్టి క్రో గెలిచాడని కొందరంటారు. ఆ యుద్ధం రావడానికి క్రో తరహా ఆలోచనే ఒక కారణమని మరికొందరు అంటారు. ఒకే ఫలితం రెండు వాదనలకూ రుజువుగా పనికొస్తోంది. ఈ తగువు ఇప్పటికీ తేలకపోవడానికి కారణం అదే.

అదే కాలంలో బ్రిటన్ ఎదుట మరో ఎదుగుతున్న శక్తి ఉంది, అమెరికా. 1895లో వెనెజువెలా సరిహద్దు విషయంలో అమెరికా గట్టిగా బెదిరిస్తే బ్రిటన్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901 ఒప్పందంతో పనామా ప్రాంతంలో కాలువను అమెరికా ఒక్కటే తవ్వుకోవడానికి అంగీకరించింది. 1903లో అలాస్కా సరిహద్దు తగాదాలోనూ అమెరికా వాదనే చాలావరకు నెగ్గింది. జర్మనీ విషయంలో గట్టిగా నిలవాలనుకున్న బ్రిటనే అమెరికా విషయంలో మెట్టు మెట్టుగా దిగివచ్చింది. భాష, సంస్కృతి ఒకటే కావడం కొంత కారణం. దూరం అంతకన్నా పెద్ద కారణమని నాకనిపిస్తుంది. జర్మనీ నౌకాదళం ఉత్తర సముద్రానికి ఆవలి గట్టున, బ్రిటన్ తీరానికి ఎదురుగా ఉంది. అమెరికా ఓడలు అట్లాంటిక్ మహాసముద్రానికి అవతల ఉన్నాయి. అమెరికాను నమ్మి పొరపడినా లండన్ మునిగిపోదు.

పందెం: 1972 నుంచి 2001 దాకా

అమెరికా, చైనాల కథ స్నేహంతో మొదలుకాలేదు. ఇద్దరికీ ఉన్న ఒక శత్రువుతో మొదలైంది. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ బీజింగ్ వెళ్లింది సోవియట్ యూనియన్‌కు ఎదురుబరువు కోసం. 1979 జనవరి 1న రెండు దేశాల మధ్య పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. ఆ తర్వాత పన్నెండేళ్లలో రెండు దెబ్బలు తగిలాయి. 1989లో తియానన్మెన్ కూడలిలో విద్యార్థుల ఉద్యమాన్ని సైన్యం అణచివేసింది. 1991లో సోవియట్ యూనియన్ కనుమరుగైంది. ఉమ్మడి శత్రువు పోయాక చేరువకు కొత్త కారణం కావలసి వచ్చింది.

ఆ కారణం వ్యాపారం. 1993లో క్లింటన్ ప్రభుత్వం మానవ హక్కులు మెరుగుపడితేనే చైనాకు వాణిజ్య సౌకర్యం కొనసాగిస్తామని షరతు పెట్టింది. ఏడాది తిరిగేసరికి ఆ షరతును తానే ఎత్తేసింది. 2000 మేలో అమెరికా ప్రతినిధుల సభ 237-197 ఓట్లతో చైనాకు శాశ్వత సాధారణ వాణిజ్య హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. 2001 డిసెంబరు 11న చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. వ్యాపారంతో పాటు స్వేచ్ఛ కూడా పెరుగుతుందన్న ఆశ ఆనాడు బలంగా ఉండేది. ఇంటర్నెట్‌ను అదుపు చేయాలనుకోవడం జెల్లీని గోడకు మేకులతో కొట్టడం వంటిదని 2000 మార్చిలో క్లింటన్ అన్నారు.

అన్ని ఆశలమధ్యా జాగ్రత్త మానలేదన్నది గుర్తుంచుకోవాలి. 1996 మార్చిలో, తనదని చెప్పుకునే తైవాన్ ద్వీపం దగ్గర చైనా క్షిపణులు పేల్చినప్పుడు అమెరికా రెండు విమానవాహక నౌకా దళాలను అటు పంపింది. జపాన్‌తో, దక్షిణ కొరియాతో సైనిక ఒప్పందాలు చెక్కుచెదరలేదు.

చేరువ విఫలమైందా?

2001లో చైనా ఆర్థిక వ్యవస్థ అమెరికా దానిలో ఎనిమిదో వంతు. 2024 నాటికి దాదాపు మూడింట రెండు వంతులకు చేరింది. ఈ మార్పును చూసే తీరులోనే పండితులు చీలిపోయారు.

చేరువ విఫలమైందనేవారి వాదన బలహీనమైనదేమీ కాదు. చైనాలో ఏకపార్టీ పాలన సడలలేదు, షీ జిన్‌పింగ్ కాలంలో ఇంకా బిగుసుకుంది. దక్షిణ చైనా సముద్రంలో దిబ్బలను దీవులుగా మార్చి, 2015లో సైనికీకరణ ఉద్దేశం లేదని షీ చెప్పిన చోటనే ఆయుధాలు మోహరించారు. చైనా దిగుమతుల పోటీవల్ల 1999 నుంచి 2011 మధ్య అమెరికాలో 20 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయని ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. ఆ నష్టం దేశమంతటా సమంగా పడలేదు. బట్టల మిల్లులు, ఫర్నిచర్ కర్మాగారాలమీద బతికే చిన్న పట్టణాలమీద కుప్పగా పడింది. పాముకు పాలు పోసి పెంచామన్న ఆక్రోశం అక్కడి రాజకీయాల్లోకి వచ్చింది.

ఎదుటి వాదన వేరు. చైనాను ప్రజాస్వామ్యంగా మార్చడం అసలు లక్ష్యం ఎన్నడూ కాదనీ, అంతర్జాతీయ నియమాల్లోకి తేవడమే లక్ష్యమనీ వీరంటారు. ఆ మేరకు ఫలితాలూ చూపిస్తారు. చైనా 1992లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. 1996లో సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందంమీద సంతకం చేసింది. నలభై ఏళ్లలో దాదాపు 80 కోట్లమంది చైనీయులు కటిక పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు చెబుతోంది. ఇంకో ప్రశ్న కూడా వేస్తారు: 2001లో తలుపు మూసి ఉంటే చైనా ఎదగకుండా ఆగిపోయేదా, లేక ఎదిగి మరింత పగతో నిలబడేదా? తలుపు మూసే ఆ దారిలో ఎవరూ నడవలేదు కాబట్టి దీనికి ఎవరి దగ్గరా రుజువు లేదు.

నాకు ఇందులో ఒక విషయం బాధ కలిగిస్తుంది. ఉద్యోగాలు పోయిన కార్మికులను ఆదుకోవడానికి చైనా అనుమతి అక్కరలేదు. అది అమెరికా తనంతట తాను చేయగలిగిన పని. చేయవలసినంతగా చేయలేదు. ఆ లోటును కూడా చేరువ విధానం ఖాతాలోనే రాసేశారు.

చిన్న పెరడు, ఎత్తైన కంచె

2017 డిసెంబరులో ట్రంప్ ప్రభుత్వ జాతీయ భద్రతా పత్రం చైనాను ప్రపంచ క్రమాన్ని మార్చజూసే శక్తిగా పేర్కొంది. 2018 జులైలో సుంకాల యుద్ధం మొదలైంది. తర్వాత వచ్చిన బైడెన్ సుంకాలను తీసేయలేదు. జాగ్రత్తకు కొత్త రూపం మాత్రం ఇచ్చారు. ఆయన జాతీయ భద్రతా సలహాదారు జేక్ సలివన్ దాన్ని ‘చిన్న పెరడు, ఎత్తైన కంచె’ అన్నారు. అన్నిటినీ దాచుకోకుండా, సైనిక బలానికి మూలమైన కొద్ది సాంకేతికతలను మాత్రమే పెరట్లో పెట్టి, చుట్టూ కంచె గట్టిగా కట్టడం. మిగతా వ్యాపారం యథాతథం.

వినడానికి చక్కగా ఉంది. ఆచరణలో ఏమైందో చిప్‌ల విషయంలో చూద్దాం. 2022 అక్టోబరు 7న అమెరికా అత్యాధునిక చిప్‌లు, వాటి తయారీ యంత్రాలు చైనాకు వెళ్లకుండా ఆంక్షలు పెట్టింది. ఎన్విడియా కంపెనీ ఏ100, హెచ్100 చిప్‌లు కంచె లోపల పడ్డాయి. ఆ కంపెనీ వేగం కొంత తగ్గించి ఏ800, హెచ్800 పేర్లతో చైనా కోసం వేరే చిప్‌లు చేసింది. 2023 అక్టోబరులో ప్రభుత్వం కంచెను జరిపి వాటినీ ఆపింది. కంపెనీ హెచ్20 తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో దానికీ అడ్డుపడి, కొద్ది నెలల్లోనే అమ్మకంలో 15 శాతం ప్రభుత్వానికి ఇచ్చే పద్ధతిమీద వదిలారు. అదే ఏడాది డిసెంబరులో అంతకంటే శక్తిమంతమైన హెచ్200ను కూడా 25 శాతం వాటా తీసుకుని అమ్మనిస్తామని ట్రంప్ ప్రకటించారు.

మూడేళ్లలో కంచె ముందుకూ వెనక్కూ ఇన్నిసార్లు కదలడం వెనుక రెండు వాదనలున్నాయి. అమ్మితే చైనా సైన్యం బలపడుతుందన్నది ఒకటి. అమ్మకపోతే చైనా తన చిప్‌లు తానే చేసుకుంటుంది, అమెరికా సాంకేతికతమీద ఆధారపడటం మానేస్తుంది, అప్పుడు చేతిలో ఉన్న పట్టు కూడా జారిపోతుందన్నది రెండోది. ఆధారపడటం ఎదుటివాడి బలహీనత, దాన్ని ఆయుధంగా వాడిన మరుక్షణం అది కరిగిపోవడం మొదలవుతుంది. ఇక అమ్మకంలో వాటా తీసుకోవడం మొదలయ్యాక, ఇది భద్రత కోసం కట్టిన కంచెనా, రుసుము వసూలు చేసే గేటా అన్న ప్రశ్న కూడా తలెత్తింది. ఆ ప్రశ్న న్యాయమైనదే.

చైనాకూ ఒక పెరడు ఉంది. అరుదైన ఖనిజాల శుద్ధిలో దాని వాటా దాదాపు 90 శాతం. 2025 ఏప్రిల్‌లో సుంకాలకు జవాబుగా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. కొద్ది వారాల్లోనే అమెరికాలో కార్ల కర్మాగారాలకు వాటితో చేసే అయస్కాంతాలు కరువయ్యాయి.

తెగదెంపులు వేరు, ముప్పు తగ్గించుకోవడం వేరు

2023 మార్చిలో యూరోపియన్ కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్‌డెర్ లాయెన్ ఒక తేడా చూపించారు. డీకప్లింగ్ అంటే తెగదెంపులు, అది సాధ్యమూ కాదు, మేలూ చేయదు. డీరిస్కింగ్ అంటే ముప్పు తగ్గించుకోవడం, అది కావాలి. అమెరికా కూడా ఆ మాటను అందిపుచ్చుకుంది.

దీని అసలు బరువు తెలియాలంటే కాకినాడ ఉదాహరణ చూడవచ్చు. మన దేశంలో ఒకప్పుడు పెన్సిలిన్-జి తయారయ్యేది. చైనా చౌక ధరల ముందు ఆ కర్మాగారాలు మూతపడ్డాయి. దాదాపు మూడు దశాబ్దాలు ముడిమందు దిగుమతిమీదే నడిచింది. కేంద్రం ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం ఇచ్చాక అరబిందో అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర కర్మాగారం కట్టింది. దాన్ని 2024 అక్టోబరులో ప్రారంభించారు. ముప్పు తగ్గించుకోవడం అంటే క్షేత్రంలో ఇదీ: ఏళ్ల తరబడి పెట్టుబడి, ప్రభుత్వ సొమ్ము, ఆ తర్వాత కూడా తక్కువ ధరకు అమ్మగల పాత సరఫరాదారుతో పోటీ. హైదరాబాద్ మందుల పరిశ్రమ చైనా ముడిసరుకును ఒక్క రోజులో వదులుకోలేదు, వదులుకోమనడం న్యాయమూ కాదు.

చెప్పకపోవడమే విధానమైన చోటు

తైవాన్ విషయంలో లెక్క వేరు. అక్కడ పొరపాటును దిద్దుకునే అవకాశం లేదు. అందుకే అమెరికా అక్కడ మాటలు కొలిచి వాడుతుంది. ఒకే చైనా ఉందనీ, తైవాన్ అందులో భాగమనీ చైనీయులు అంటున్న సంగతి తమకు తెలుసని, దాన్ని ప్రశ్నించబోమని 1972 షాంఘై ప్రకటనలో రాసింది. ఒప్పుకుంటున్నామని మాత్రం రాయలేదు. 1979లో బీజింగ్‌ను గుర్తించిన కొద్ది నెలలకే చేసిన తైవాన్ సంబంధాల చట్టం, ఆ ద్వీపానికి ఆత్మరక్షణ ఆయుధాలు ఇవ్వాలంటుంది. దాడి జరిగితే అమెరికా సైన్యం దిగుతుందా లేదా అన్నది మాత్రం తేల్చి చెప్పదు.

దీన్ని వ్యూహాత్మక అస్పష్టత అంటారు. రక్షణకు వస్తామని ఖాయంగా చెబితే తైవాన్ స్వాతంత్ర్యం ప్రకటించి యుద్ధం తెచ్చిపెట్టవచ్చు. రామని చెబితే చైనా ఆక్రమించవచ్చు. ఏదీ చెప్పకపోతే ఇద్దరూ వెనకాడతారు. బైడెన్ నాలుగుసార్లు ‘రక్షిస్తాం’ అన్నారు. ప్రతిసారీ ఆయన అధికారులు విధానం మారలేదని వివరణ ఇచ్చారు. చైనా సైనిక బలం పెరిగిన ఈ రోజుల్లో అస్పష్టత సరిపోదని కొందరు నిపుణులు వాదిస్తున్నారు. స్పష్టతే చైనాను తొందరపెడుతుందని మిగతావారి భయం.

బీజింగ్ నుంచి చూస్తే

ఇదంతా వాషింగ్టన్ వైపు నుంచి చూసిన దృశ్యం. చైనా వైపు చూస్తే ముందుజాగ్రత్తకూ కట్టడికీ తేడా కనిపించదు. 2007లో మొదలై 2017లో మళ్లీ ప్రాణం పోసుకున్న క్వాడ్ (అమెరికా, భారత్, జపాన్, ఆస్ట్రేలియాల కూటమి), ఆస్ట్రేలియాకు జలాంతర్గాములిచ్చే ఆకస్ ఒప్పందం, చిప్‌ల ఆంక్షలు, అన్నీ ఒకే వలయంలా అనిపిస్తాయి. 2020 నవంబరులో క్వాడ్ దేశాలు నాలుగూ విశాఖ తీరానికి ఆవల మలబార్ నౌకా విన్యాసాలు జరిపాయి. గల్వాన్‌లో ఇరవైమంది సైనికులను కోల్పోయిన భారత్‌కు అది జాగ్రత్త. బీజింగ్‌కు అది ఇంకో ముడి. అమెరికా నాయకత్వంలో పాశ్చాత్య దేశాలు తమను అన్నివైపులా కట్టడి చేసి, చుట్టుముట్టి, అణచివేస్తున్నాయని 2023 మార్చిలో షీ జిన్‌పింగ్ నేరుగానే అన్నారు. నల్లమందు యుద్ధాలతో మొదలైన శతాబ్దపు అవమానం పాఠ్యపుస్తకాల్లో చదువుకుని పెరిగిన సమాజంలో ఆ మాట సులువుగా నాటుకుంటుంది. ఆ సమాజం దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ మత్స్యకారుడి భయాన్ని మాత్రం అంత సులువుగా చూడలేకపోతోంది. వాతంతో వాచిన వేళ్లు ఇప్పుడు రెండు దేశాలకూ ఉన్నాయి.

ఎత్తని ఫోను

చేరువలో అన్నిటికంటే పలుచనిది, అన్నిటికంటే అవసరమైనది ఒక పోగు ఉంది. అది రెండు సైన్యాల మధ్య ఫోను. జాగ్రత్తపడే దేశానికి కూడా అది కావాలి, ఎందుకంటే సముద్రంలో రెండు ఓడలు ఢీకొంటే అది కుట్రో ప్రమాదమో నిమిషాల్లో తెలియాలి. 2001 ఏప్రిల్‌లో హైనాన్ ద్వీపం దగ్గర అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొని చైనా పైలట్ చనిపోయాడు. అమెరికా సిబ్బంది 24 మందిని విడిపించుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.

2022 ఆగస్టులో అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్లారు. అందుకు నిరసనగా చైనా ఉన్నత స్థాయి సైనిక సంభాషణలను తెంచేసింది. తన గగనతలంలోకి వచ్చిన చైనా బెలూన్‌ను 2023 ఫిబ్రవరి 4న అమెరికా కూల్చింది. వెంటనే అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ చైనా రక్షణ మంత్రితో మాట్లాడాలని అడిగారు. చైనా నిరాకరించింది. ఆ తర్వాత వచ్చిన కొత్త రక్షణ మంత్రి లీ షాంగ్‌ఫూమీద 2018 నుంచే అమెరికా ఆంక్షలున్నాయి. వాటిని తీసేస్తే తప్ప జూన్‌లో సింగపూర్‌లో ఆస్టిన్‌తో సమావేశానికి రానని ఆయన పక్షం తేల్చేసింది. జాగ్రత్త కోసం పెట్టిన ఆంక్షే ప్రమాదాన్ని ఆపగల సంభాషణకు అడ్డుపడింది. అదే ఏడాది అక్టోబరులో లీని పదవి నుంచి తొలగించారు. నవంబరు 15న కాలిఫోర్నియాలో బైడెన్, షీ కలిసి సైనిక సంభాషణలను పునరుద్ధరించడానికి ఒప్పుకున్నారు. డిసెంబరు 21న రెండు సైన్యాల అత్యున్నత అధికారులు చార్లెస్ బ్రౌన్, లియు జెన్లి వీడియో తెరమీద మాట్లాడుకున్నారు.